ఇంటికి విలువ కట్టే లైసెన్స్‌.. ఎంత ఖర్చవుతుంది? రూ.5 వేల ఫీజు వెనక అసలు లెక్క ఇదీ!

హైదరాబాద్‌ శివార్లలో ఓ ఫ్లాట్‌ కొంటున్నారనుకుందాం. బిల్డర్‌ చెప్పిన రేటు రూ.80 లక్షలు. అడ్వాన్స్‌ ఇచ్చేశారు, అగ్రిమెంట్‌ అయిపోయింది. హోమ్‌ లోన్‌కి అప్లై చేశాక బ్యాంకు తరఫున ఓ ఇంజినీర్‌ వచ్చాడు. టేపు పట్టి కొలిచాడు, ఫొన్‌లో నాలుగు ఫొటోలు తీశాడు, పక్క ఫ్లాట్‌ వాళ్లని రేటు అడిగాడు, వెళ్లిపోయాడు. నాలుగు రోజులకి బ్యాంకు నుంచి ఫోన్‌. ‘సార్‌, మీ ఫ్లాట్‌ విలువ 70 లక్షలే వచ్చింది.’

ఆ ఒక్క మాటతో ఇంటి లెక్క మొత్తం మారిపోతుంది. రూ.30 లక్షలు దాటి రూ.75 లక్షల లోపు ఉండే హోమ్‌ లోన్లకు ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇవ్వొచ్చని రిజర్వ్‌ బ్యాంక్‌ రూల్‌. 80 లక్షల మీద అయితే 64 లక్షలు వచ్చేవి. 70 లక్షల మీద 56 లక్షలే. మిగతా 8 లక్షలు ఎక్కడ్నుంచి తేవాలి? రిజిస్ట్రేషన్‌ ఖర్చులు అదనం. అవి సాధారణంగా బ్యాంకు లెక్కలోకి రావు.

మరి అరగంటలో వచ్చి వెళ్లిన ఆ వ్యక్తి ఎవరు? ఆయనకి ఆ అధికారం ఎవరిచ్చారు? ఆ లైసెన్స్‌ కోసం ఎంత కట్టాడు? సివిల్‌ ఇంజినీరింగ్‌ చదివి సైట్‌ ఉద్యోగాలతో విసిగిపోయిన చాలామంది ఇప్పుడు ఈ వైపు చూస్తున్నారు. ‘ఫీజు 5 వేలేనంట కదా’ అనే మాట కూడా బాగా వినిపిస్తోంది. అందులో నిజం ఉంది. కానీ సగమే. పూర్తి వివరాలు ఓసారి చూద్దాం.

లైసెన్స్‌ ఒకటి కాదు.. రెండు

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. మన దేశంలో ‘రిజిస్టర్డ్‌ వాల్యుయర్‌’ అనే పేరు రెండు వేర్వేరు చట్టాల కింద వస్తుంది. పేరు ఒకటే, తలుపులు వేరు. ఒకదానికి డబ్బు కట్టి రెండో పని దొరుకుతుందనుకుంటే నష్టపోతారు.

మొదటిది పాతది. 1957 నాటి సంపద పన్ను చట్టంలోని 34ఏబీ సెక్షన్‌ కింద ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్‌. సంపద పన్ను ఎత్తేశారు కదా అని మీకు డౌట్‌ రావొచ్చు. నిజమే, పన్ను పోయింది. కానీ వాల్యుయర్‌ రిజిస్ట్రేషన్‌ మాత్రం బతికే ఉంది. ఎందుకంటే క్యాపిటల్‌ గెయిన్స్‌ లెక్కలకు ఆదాయపు పన్ను చట్టం ఈ వాల్యుయర్లనే వాడుకుంది. ఇక బ్యాంకులు బకాయిదారుల ఆస్తులు వేలం వేసే సర్ఫేసీ చట్టం ఉంది కదా.. దాని నిబంధనల్లో ‘అప్రూవ్డ్‌ వాల్యుయర్‌’ అంటే 34ఏబీ కింద రిజిస్టర్‌ అయ్యి, ఆ బ్యాంకు బోర్డు ఆమోదం పొందిన వ్యక్తి అని రాసి ఉంది. వేలంలో రిజర్వ్‌ ధర ఫిక్స్‌ చేసే ముందు ఆయన రిపోర్ట్‌ తీసుకోవాల్సిందే. గుంటూరులో ఓ వ్యాపారి ఇల్లు వేలానికి వచ్చిందంటే, ఆ ఇల్లు ఎంత నుంచి మొదలవ్వాలో చెప్పేది ఆ కాగితమే.

రెండోది కొత్తది. 2013 కంపెనీల చట్టంలోని 247వ సెక్షన్‌. ఇది 2017 అక్టోబర్‌ 18న అమల్లోకి వచ్చింది. అదే రోజు రిజిస్టర్డ్‌ వాల్యుయర్ల నిబంధనలు కూడా వచ్చాయి. దీన్ని చూసుకునేది ఇన్‌సాల్వెన్సీ అండ్‌ బ్యాంక్‌రప్ట్సీ బోర్డ్‌ ఆఫ్‌ ఇండియా, అంటే ఐబీబీఐ. కంపెనీల ఆస్తుల విలువ, దివాలా కేసుల్లో భూములు, భవనాల విలువ కట్టాలంటే ఈ రిజిస్ట్రేషన్‌ ఉండాల్సిందే. ఇందులో మూడు విభాగాలు ఉన్నాయి. భూములు, భవనాలు ఒకటి. ప్లాంట్‌, మెషినరీ రెండోది. సెక్యూరిటీలు లేదా ఆర్థిక ఆస్తులు మూడోది. మనం మాట్లాడుకుంటున్నది మొదటి దాని గురించి.

ఈ రెండూ కాకుండా ‘చార్టర్డ్‌ ఇంజినీర్‌’ అనే సర్టిఫికెట్‌ ఇంకొకటి ఉంది. అది వృత్తి గుర్తింపు. దాని విలువ దానికి ఉంది. కానీ చార్టర్డ్‌ ఇంజినీర్‌ అయినంత మాత్రాన రిజిస్టర్డ్‌ వాల్యుయర్‌ అయిపోరు. విజిటింగ్‌ కార్డు మీద రెండు పేర్లూ పక్కపక్కన రాసేసుకునేవాళ్లు ఉంటారు, జాగ్రత్త.

ఎవరు అప్లై చేయొచ్చు?

ఐబీబీఐ వైపు చూస్తే.. సివిల్‌ ఇంజినీరింగ్‌, ఆర్కిటెక్చర్‌, టౌన్‌ ప్లానింగ్‌లో డిగ్రీ ఉండాలి. ఆ తర్వాత 5 ఏళ్ల అనుభవం ఉండాలి. అదే సబ్జెక్టుల్లో పీజీ ఉంటే, లేదా రియల్‌ ఎస్టేట్‌ వాల్యుయేషన్‌లో రెండేళ్ల ఫుల్‌టైమ్‌ పీజీ ఉంటే 3 ఏళ్లు చాలు. డిప్లొమా చేసినవాళ్లకి ఈ తలుపు తెరుచుకోదు. సైట్‌లో పాతికేళ్లు పనిచేసిన డిప్లొమా ఇంజినీర్‌కి, నిన్నటి బీటెక్‌ కుర్రాడికి ఉన్న తేడా ఇదే. ఇది న్యాయమా అంటే.. ఆ చర్చ వేరే.

ఇంకొన్ని షరతులూ ఉన్నాయి. భారత్‌లో నివసిస్తూ ఉండాలి. అంటే అమెరికాలో ఉద్యోగం చేస్తూ ‘ఇక్కడ లైసెన్స్‌ తీసి పెట్టుకుంటా’ అంటే కుదరదు. దివాలా తీసి బయటపడని వ్యక్తి కాకూడదు. నైతిక పతనంతో కూడిన నేరంలో గానీ, ఆరు నెలలకు మించిన జైలుశిక్ష పడదగిన నేరంలో గానీ దోషిగా తేలితే, శిక్ష ముగిశాక 5 ఏళ్లు గడవాలి. తప్పుడు రిపోర్ట్‌ ఇచ్చినందుకు ఆదాయపు పన్ను శాఖ 271జే సెక్షన్‌ కింద జరిమానా వేసినా అడ్డంకే.

ఆదాయపు పన్ను శాఖ రిజిస్ట్రేషన్‌కి అయితే దారి ఇంకా పొడవు. స్థిరాస్తుల వాల్యుయర్‌కి సాధారణంగా 10 ఏళ్ల ప్రాక్టీస్‌ చూస్తారు. అక్కడ పరీక్ష లేదు కానీ, మీరు నిజంగా ఆ పని చేశారా లేదా అన్నది శాఖే పరిశీలిస్తుంది. ఇంకో మాట. కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్‌ 1. కాబట్టి పాత ఫారం నంబర్లు, పాత సెక్షన్లు ఎవరో వాట్సాప్‌లో పంపితే అవే నింపి పెట్టేయకండి.

అసలు ఖర్చు ఎక్కడ మొదలవుతుంది?

ఇప్పుడు డబ్బు లెక్కలోకి వద్దాం. ఐబీబీఐకి కట్టే దరఖాస్తు ఫీజు వ్యక్తులకు రూ.5,000. దీన్ని ఫారం-ఏతో పాటు కట్టాలి. భాగస్వామ్య సంస్థ లేదా కంపెనీ అయితే ఫారం-బి, ఫీజు రూ.10,000. 18 శాతం జీఎస్టీ కలిపి చూసుకుంటే మొదటిది 5,900, రెండోది 11,800 దగ్గర పడుతుంది. ఈ డబ్బు వాపసు రాదు. దరఖాస్తు తిరస్కరించినా రాదు.

అందరూ చెప్పే ‘5 వేలు’ ఇదే. కానీ ఇది చిట్టచివరి మెట్టు. దీనికి ముందు మూడు చోట్ల డబ్బు కట్టి రావాలి.

మొదట ఏదైనా ఒక రిజిస్టర్డ్‌ వాల్యుయర్స్‌ ఆర్గనైజేషన్‌లో సభ్యత్వం తీసుకోవాలి. వీటిని షార్ట్‌గా ఆర్‌వీవోలు అంటారు. ఐఓవీ రిజిస్టర్డ్‌ వాల్యుయర్స్‌ ఫౌండేషన్‌, పీవీఏఐ, సీఈవీ ఇంటెగ్రల్‌ అప్రైజర్స్‌ ఫౌండేషన్‌, ఐసీఎంఏఐ ఆర్‌వీవో.. ఇలా దేశంలో చాలానే ఉన్నాయి. ఐబీబీఐ వెబ్‌సైట్‌లో వీటి జాబితా ఉంటుంది. లాయర్లకి బార్‌ కౌన్సిల్‌ ఎలాగో, వాల్యుయర్లకి ఆర్‌వీవో అలాంటిది. ఒకటే తేడా. ఇక్కడ మీకు నచ్చిన సంస్థను మీరే ఎంచుకోవచ్చు. ఫీజులూ ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటాయి. చేరే ఫీజు, ఏడాది చందా, కోర్సు ఫీజు.. విడివిడిగా రాస్తారు. ఒకచోట చేరే ఫీజు తక్కువ చూపించి, ఏడాది చందా ఎక్కువ పెట్టొచ్చు. అందుకే ‘జాయినింగ్‌ ఎంత’ అని అడగకండి. ‘మొదటి ఏడాది మొత్తం ఎంత, రెండో ఏడాది నుంచి ఎంత’ అని అడగండి. సమాధానం మెయిల్‌లో తెప్పించుకోండి.

రెండోది కోర్సు. పరీక్ష రాయాలంటే ఆ సంస్థ నడిపే 50 గంటల ఎడ్యుకేషనల్‌ కోర్సు పూర్తి చేయాలి. ఖర్చులో పెద్ద వాటా దీనిదే. ఫీజు వేలల్లో ఉంటుంది, దాని మీద జీఎస్టీ. ఆన్‌లైన్‌ క్లాసులైతే ప్రయాణం, లాడ్జి ఖర్చు మిగులుతుంది. అనంతపురం నుంచో, ఆదిలాబాద్‌ నుంచో హైదరాబాద్‌ వచ్చి వారం రోజులు గది తీసుకోవాలంటే ఆ ఖర్చు కోర్సు ఫీజుకి పోటీ పడుతుంది. పైగా సైట్‌ దగ్గర పోయే రోజుల జీతం ఎవరూ లెక్కేయరు.

మూడోది పరీక్ష. 2018 మార్చి 31న మొదలైన ఈ వాల్యుయేషన్‌ ఎగ్జామ్‌ కంప్యూటర్‌ మీద ఉంటుంది. అన్నీ ఆబ్జెక్టివ్‌ ప్రశ్నలే. 100 మార్కులకి 60 రావాలి. సమయం 2 గంటలు. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులో పావు వంతు కోత. ఎన్నిసార్లయినా రాయొచ్చు. కానీ ప్రతిసారీ కొత్తగా ఎన్‌రోల్‌ అవ్వాలి, ప్రతిసారీ ఫీజు కట్టాలి. ఒకసారి కట్టేస్తే పాసయ్యే దాకా చెల్లుతుందనుకోవద్దు.

ఇంజినీర్లు ఇందులో ఎక్కడ తడబడతారు? నిర్మాణం, కొలతలు, డిప్రిసియేషన్‌ లాంటివి వాళ్లకి కొట్టిన పిండే. కష్టం లా, అకౌంట్స్‌, ఎకనామిక్స్‌ దగ్గర. ఆస్తి బదిలీ చట్టం, భూసేకరణ చట్టం, రెరా, స్టాంపు చట్టం.. కాలేజీలో ఎవరూ చెప్పని సబ్జెక్టులు. సెంటిమెంట్‌గా ‘ఇరవై ఏళ్ల అనుభవం ఉంది, చదవక్కర్లేదు’ అనుకుని వెళ్లినవాళ్లకే నెగెటివ్‌ మార్కులు గట్టిగా తగులుతాయి. రెండో అటెంప్ట్‌ ఫీజు తప్పించుకోవాలంటే చట్టాల పుస్తకం తెరవాల్సిందే.

మూడేళ్ల గడువు.. మర్చిపోతే మళ్లీ మొదటికి

పరీక్ష పాసయ్యాక ఫైల్‌ పక్కన పెట్టేసేవాళ్లు ఉన్నారు. ‘రిటైర్‌ అయ్యాక చూద్దాంలే’ అని. ఇది ఖరీదైన తప్పు. దరఖాస్తు పెట్టే తేదీకి ముందు 3 ఏళ్లలోపు పాసై ఉండాలన్నది రూల్‌. ఒక్క రోజు దాటినా ఆ పాస్‌ పనికిరాదు. పరీక్ష ఫీజు, ప్రిపరేషన్‌ అన్నీ మళ్లీ.

పాసయ్యాక ఆర్‌వీవో మిమ్మల్ని సిఫార్సు చేయాలి. అప్పుడు ఫారం-ఏ ఐబీబీఐకి వెళ్తుంది. దాంతో పాటు చదువు సర్టిఫికెట్లు, అనుభవం రుజువులు, నివాస ధ్రువీకరణ, గత మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్న్‌లు జత చేయాలి. ఎక్కువ ఫైళ్లు ఆగేది అనుభవం కాగితం దగ్గరే. చిన్న బిల్డర్‌ దగ్గర పదేళ్లు పనిచేసి ఉంటారు. ఆ బిల్డర్‌ ఇప్పుడు లేడు, ఆఫీసు మూతపడింది. జీతం చేతికే ఇచ్చాడు, బ్యాంకులో పడలేదు. అప్పుడు ఆ పదేళ్లకి రుజువేది? కాబట్టి ఈ వైపు రావాలనుకునే కుర్రాళ్లు ఇవాళ్టి నుంచే అపాయింట్‌మెంట్‌ లెటర్‌, రిలీవింగ్‌ లెటర్‌, ఫారం-16 దాచుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. లేకపోతే మాత్రం ఐదు వేలూ గాలికే.

దరఖాస్తులో లోపాలుంటే సరిచేసుకోవడానికి 21 రోజులు ఇస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే, ఆ గడువు తీసేసి, 60 రోజుల్లో సర్టిఫికెట్‌ రావాలి. ఇవ్వకూడదని ప్రాథమికంగా అనిపిస్తే 45 రోజుల్లో కారణాలు చెప్పాలి. మీరు 15 రోజుల్లో వివరణ ఇవ్వాలి. వివరణ అందాక 30 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. అంటే ఫైల్‌ పెట్టి ఏడాది దాకా ఎదురుచూపులు చూడాల్సిన వ్యవస్థ కాదు. మధ్యలో ఎవరైనా ‘త్వరగా చేయిస్తా, ఇంత ఇవ్వండి’ అంటే ఆ డబ్బు ఏ రూల్‌లోనూ లేదు.

సర్టిఫికెట్‌ వచ్చాక కూడా మీటర్‌ తిరుగుతూనే ఉంటుంది

ఐబీబీఐ ఇచ్చే రిజిస్ట్రేషన్‌కి ప్రతి ఏడాది రెన్యువల్‌ లేదు. విని సంబరపడిపోకండి. ఆర్‌వీవో సభ్యత్వం పోతే రిజిస్ట్రేషన్‌ కూడా ప్రమాదంలో పడుతుంది. అంటే ఏడాది చందా ఆపడానికి లేదు. ప్రాక్టీస్‌ సర్టిఫికెట్‌ ఆర్‌వీవో నుంచి తీసుకుంటూ ఉండాలి. నిరంతర శిక్షణ గంటలు పూర్తి చేయాలి. ఆ క్లాసులకీ ఫీజు ఉంటుంది. కొంతకాలం ప్రాక్టీస్‌ ఆపాలనుకుంటే తాత్కాలికంగా సరెండర్‌ చేసే వెసులుబాటు ఉంది. ఉద్యోగంలో చేరుతున్నా, చదువుకి వెళ్తున్నా ముందే ఆర్‌వీవోకి చెప్పడం మంచిది.

ఇక కనిపించని ఖర్చులు. లేజర్‌ మీటర్‌, మంచి కెమెరా ఉన్న ఫోన్‌, బండి పెట్రోల్‌, ఓ కంప్యూటర్‌, రిపోర్ట్‌ టైప్‌ చేసే అసిస్టెంట్‌. ప్రతి అసైన్‌మెంట్‌ రికార్డు కనీసం 3 ఏళ్లు భద్రపరచాలన్నది నిబంధన. వృత్తిపరమైన తప్పుల మీద కేసు పడితే కాపాడే ప్రొఫెషనల్‌ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్‌ కూడా తీసుకోవడం తెలివైన పని. చాలామంది దీన్ని దండగ ఖర్చు అనుకుంటారు. మొదటి లీగల్‌ నోటీస్‌ వచ్చిన రోజు అర్థమవుతుంది.

ఏడాది వసూళ్లు రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ తప్పదు. బిల్లు మీద 18 శాతం. కంపెనీలు, బ్యాంకులు మీ ఫీజులో 10 శాతం టీడీఎస్‌ కోసుకుంటాయి. రిటర్న్‌ వేసి సరిచూసుకోవచ్చు కానీ చేతికొచ్చేది తగ్గుతుంది కదా. కొత్తగా వచ్చినవాళ్లకి ఇది ఇబ్బందే.

మరి సంపాదన సంగతేంటి?

పెట్టిన ఖర్చు ఎప్పుడు తిరిగొస్తుంది? ఇది అసలు ప్రశ్న.

సంపద పన్ను నిబంధనల్లో వాల్యుయర్‌ ఎంత ఫీజు తీసుకోవచ్చో ఓ లెక్క ఉంది. ఆస్తి విలువలో మొదటి 5 లక్షల మీద అర శాతం. తర్వాతి 10 లక్షల మీద ఐదో వంతు శాతం. ఆ తర్వాతి 40 లక్షల మీద పదో వంతు శాతం. మిగిలిన దాని మీద ఇరవయ్యో వంతు శాతం. కోటి రూపాయల ఇల్లు తీసుకుందాం. 2,500, 2,000, 4,000, 2,250.. మొత్తం రూ.10,750. అదే 60 లక్షల ఫ్లాట్‌ అయితే రూ.8,750. విలువ సగానికి దగ్గరగా తగ్గినా ఫీజు పెద్దగా తగ్గలేదు చూశారా? ఎందుకంటే కింది మెట్ల మీదే శాతం ఎక్కువ.

ఇది పరిమితి మాత్రమే. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్నవాళ్లకి బ్యాంకే తన స్లాబ్‌ నిర్ణయిస్తుంది. అది సాధారణంగా దీని కన్నా తక్కువే. ప్యానెల్‌లో చేరడానికి మళ్లీ దరఖాస్తు, ఇంటర్వ్యూ, బ్యాంకును బట్టి ఫీజులు. రిజిస్ట్రేషన్‌ ఉన్నంత మాత్రాన ప్యానెల్‌లో చోటు వస్తుందనే గ్యారంటీ లేదు. ఇక్కడే కొత్తవాళ్లు నీరసపడతారు. చేతిలో సర్టిఫికెట్‌ ఉంటుంది, పని మాత్రం పాత ప్యానెల్‌ వాళ్ల దగ్గరే తిరుగుతుంటుంది.

పెద్ద పనులు ఐబీబీఐ వైపు ఉన్నాయి. కంపెనీ దివాలా కేసుల్లో ఇద్దరు రిజిస్టర్డ్‌ వాల్యుయర్లను పెట్టి న్యాయమైన విలువ, అమ్మితే వచ్చే విలువ రెండూ లెక్క కట్టించాలి. ఒకే రకం ఆస్తి విషయంలో అమ్మకం విలువలో ఇద్దరి లెక్కలకి 25 శాతం తేడా వస్తే మూడో వాల్యుయర్‌ని పిలవొచ్చు. బ్యాంకుల వైపు కూడా రూ.50 కోట్లు, అంతకు మించిన ఆస్తులకి కనీసం రెండు స్వతంత్ర రిపోర్టులు ఉండాలని రిజర్వ్‌ బ్యాంక్‌ 2007లోనే చెప్పింది. కాకపోతే ఇలాంటి పనులు జిల్లా కేంద్రాల్లో ఉండేవాళ్లకి రావడం అరుదు. చాలావరకు హైదరాబాద్‌, ముంబై లాంటి నగరాల్లోనే తిరుగుతాయి.

అందుకే ఒక సూటి మాట. కర్నూలులోనో, ఖమ్మంలోనో ఉంటూ ఇళ్లు, స్థలాలే విలువ కట్టాలనుకుంటే ముందు 34ఏబీ వైపు, బ్యాంకు ప్యానెల్‌ వైపు చూడండి. కంపెనీ పనుల మీద ఆశ ఉంటేనే ఐబీబీఐ ఖర్చుకి దిగండి. స్తోమత ఉంటే రెండూ ఉండటం మేలు, కాదనలేం. రెండూ ఒకేసారి మొదలుపెట్టి, చేతిలో పని లేకుండా రెండేళ్లు చందాలు కట్టడం మాత్రం వద్దు.

తప్పుడు రిపోర్ట్‌ రాస్తే.. లైసెన్స్‌ ఖర్చు దాని ముందు చిన్నదే

‘అన్నా, ఓ పది లక్షలు ఎక్కువ వేయవా’. ఈ వృత్తిలో రోజూ వినే మాట ఇది. కొనేవాడు ఎక్కువ లోన్‌ కోసం అడుగుతాడు. అమ్మేవాడు పన్ను కోసం తక్కువ వేయమంటాడు. విదేశీ వీసా ఫైల్‌ కోసం తల్లిదండ్రుల ఆస్తి పెంచి చూపించమని ఇంకొకరు. మన రెండు రాష్ట్రాల్లో పిల్లల్ని బయటికి పంపే కుటుంబాలకి ఈ రిపోర్ట్‌ బాగా పరిచయమే.

కంపెనీల చట్టం కింద నిబంధన ఉల్లంఘిస్తే రూ.50 వేల జరిమానా. మోసం చేసే ఉద్దేశంతో చేశారని తేలితే ఏడాది దాకా జైలు, లక్ష నుంచి 5 లక్షల దాకా ఫైన్‌. ఆదాయపు పన్ను 271జే కింద అయితే తప్పు సమాచారం ఉన్న ఒక్కో రిపోర్ట్‌కి రూ.10 వేలు. ఇంకో కట్టడి కూడా ఉంది. మీకు నేరుగా గానీ, పరోక్షంగా గానీ ఆసక్తి ఉన్న ఆస్తికి విలువ కట్టకూడదు. నియామకానికి ముందు 3 ఏళ్లు, విలువ కట్టాక 3 ఏళ్లు ఇది వర్తిస్తుంది. బావమరిది వెంచర్‌కి రిపోర్ట్‌ రాయడం లాంటివి ఇక్కడే ఇరికిస్తాయి.

కంపెనీ పెడదామనుకుంటే

ఒంటరిగా కాకుండా సంస్థగా రిజిస్టర్‌ అవ్వొచ్చు. ఫీజు 10 వేలు. కానీ భాగస్వాములు లేదా డైరెక్టర్లలో కనీసం ముగ్గురు రిజిస్టర్డ్‌ వాల్యుయర్లు అయి ఉండాలి. ముగ్గురి కంటే తక్కువ మందే ఉంటే అందరూ అయి ఉండాలి. మరో కంపెనీకి అనుబంధంగా, జాయింట్‌ వెంచర్‌గా ఉండే కంపెనీకి అవకాశం లేదు. ఈ రూల్‌ను కుష్‌మన్‌ అండ్‌ వేక్‌ఫీల్డ్‌ కోర్టులో సవాలు చేస్తే 2019లో ఢిల్లీ హైకోర్టు రూల్‌నే సమర్థించింది. పెద్ద కన్సల్టెన్సీలు మొత్తం మార్కెట్‌ని పట్టుకుపోకుండా చిన్న వాల్యుయర్లకి ఇది కొంత ఊరటే.

ఈ వృత్తి మొత్తానికి ఒకే చట్టం తేవాలని ఎం.ఎస్‌.సాహు నేతృత్వంలోని నిపుణుల కమిటీ 2020లో ముసాయిదా బిల్లు కూడా ఇచ్చింది. నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ వాల్యుయర్స్‌ పెట్టాలని అందులో ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి

డల్లాస్‌, న్యూజెర్సీల్లో ఉంటూ ఈ పని వైపు చూసే తెలుగువాళ్లకి లెక్క పూర్తిగా వేరు. అక్కడ దీన్ని అప్రైజర్‌ అంటారు. లైసెన్స్‌ ఇచ్చేది రాష్ట్రం. ఫీజు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే పెడుతుంది. ఫెడరల్‌ నేషనల్‌ రిజిస్ట్రీకి ఏడాదికి 40 డాలర్లు అదనం. ట్రైనీగా మొదలవ్వడానికి 75 గంటల క్లాసులు, లైసెన్స్‌డ్‌ రెసిడెన్షియల్‌కి 150 గంటల చదువు, వెయ్యి గంటల అనుభవం. సర్టిఫైడ్‌ రెసిడెన్షియల్‌కి 1,500 గంటలు, సర్టిఫైడ్‌ జనరల్‌కి 3,000 గంటలు. అక్కడ అసలు భారం ఫీజు కాదు. తన కింద పెట్టుకుని నేర్పించే సీనియర్‌ దొరకడం.

మీరు వాల్యుయర్‌ని పిలుస్తుంటే ఇవి అడగండి

ఇప్పటిదాకా లైసెన్స్‌ తీసుకునేవాళ్ల గురించి. ఇల్లు కొనే, అమ్మే వాళ్లకి కూడా ఇందులో పని ఉంది.

ముందు రిపోర్ట్‌ ఎందుకో తేల్చుకోండి. పాత ఇల్లు అమ్మితే వచ్చే క్యాపిటల్‌ గెయిన్స్‌ కోసం 2001 ఏప్రిల్‌ 1 నాటి విలువ కావాలంటే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్‌ ఉన్న వాల్యుయర్‌ దగ్గరికి వెళ్లండి. ఆ రోజు ప్రభుత్వ స్టాంపు విలువ ఉంటే, దాన్ని మించి వేసుకోవడానికి లేదని కూడా గుర్తుంచుకోండి. ఎక్కువ వేసిస్తానని ఎవరైనా అంటే ఆ రిపోర్ట్‌ మీకే తలనొప్పి. కంపెనీ ఆస్తి అయితే ఐబీబీఐ నంబర్‌ అడగండి. ఆ పేరు ఐబీబీఐ వెబ్‌సైట్‌లో ఉచితంగానే వెతకొచ్చు.

రిజిస్ట్రేషన్‌ ఆఫీసు చెప్పే మార్కెట్‌ విలువ వేరు, వాల్యుయర్‌ రిపోర్ట్‌ వేరు. మొదటిది స్టాంపు డ్యూటీ వసూలు కోసం ప్రభుత్వం పెట్టిన రేటు. రెండోది ఆ రోజు, ఆ ఇంటికి, ఆ వీధిలో పలికే ధర మీద ఓ నిపుణుడి అభిప్రాయం. రెండూ సమానంగా ఉండాలని లేదు.

ఇక మొదట్లో చెప్పిన ఫ్లాట్‌ లాంటి పరిస్థితి వస్తే.. రిపోర్ట్‌ కాపీ ఇవ్వమని బ్యాంకుని అడగండి. అందులో కార్పెట్‌ ఏరియా సరిగ్గా ఉందా, పార్కింగ్‌ కలిపారా, ఎన్నో అంతస్తు రాశారు, పోల్చి చూసిన ఫ్లాట్లు మీ పక్కవేనా అని చూడండి. తప్పు కనిపిస్తే అదే కాంప్లెక్స్‌లో ఈ మధ్య రిజిస్టర్‌ అయిన సేల్‌ డీడ్‌ కాపీలు జతచేసి రెండో వాల్యుయేషన్‌ కోరండి. ఖర్చు మరోసారి మీ మీదే పడొచ్చు. అడ్వాన్స్‌ ఇచ్చే ముందే వాల్యుయేషన్‌ చేయించుకుని ఉంటే ఆ ఖర్చు ఒక్కసారితో పోయేది.